రెండు బావులకు ఒకటే ఊట

కైలాసాన్ని చూసి మొదట అందరూ పిచ్చోడనే అనుకున్నారు. అనుకోరా మరి? యాభై దాటిన మనిషి, మాసిన ధోవతి, భుజాన గుడ్డసంచి, చేతిలో ఒక ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. కరీంనగర్‌లో లక్సెట్టిపేట బస్సెక్కి, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ దిగి, నేరుగా ఆ ఊరి మంచినీళ్ల బావి దగ్గరికి నడిచేవాడు. బిందెలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లను, "అవ్వా, మీ పాయఖాన గుంత బాయికి ఎన్ని అడుగులున్నది?" అని అడిగేవాడు. ముక్కూమొహం తెలియని మగవాడు పొద్దున్నే ఆడవాళ్లను అడగాల్సిన మాటేనా అది! ఒక ఊళ్లో చీపురు తిరగేశారు. ఇంకో ఊళ్లో సర్పంచే రెక్క పట్టుకుని బస్సెక్కించాడు. అయినా వారం తిరక్కుండా అదే డబ్బాతో మరో ఊళ్లో దిగేవాడు.

సంచిలో రంగు పొట్లాలు ఉండేవి. ఎవరైనా ఒప్పుకుంటే వాళ్ల గుంతలో రంగు కలిపి పోసి, నాలుగు రోజులు ఎవరి అరుగు మీదో పడుకుని, తెల్లవారగానే బావిలో నీళ్లు చేది చూసేవాడు. రంగు రాకపోతే ఆ ఇంటికి దండం పెట్టి పోయేవాడు. వచ్చిందా, ఆయన కేకలకు ఊరు ఊరంతా బావి చుట్టూ చేరేది. ఈ విద్య ఎవరు నేర్పారయ్యా అని అడిగితే దాచకుండా చెప్పేవాడు. విన్నవాళ్లకు ఆ పూట ముద్ద దిగేది కాదు.

ఇది ఎనభై నాలుగు తర్వాతి కైలాసం సంగతి. అంతకుముందు కైలాసం వేరే మనిషి.

హుజూరాబాద్‌కు ఆరేడు మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లో, సాలెవాడలో పుట్టాడాయన. వాడంతా మగ్గాల చప్పుడే. ఆయన ఇంట్లో మాత్రం మగ్గం లేదు. తాత నాటి నుంచీ నూలుకు రంగు వేసే ఇల్లు. పెరట్లో రెండు రాగి కాగులు, పొయ్యిలు, తడి నూలు ఆరేసే దండేలు. కైలాసం వేసిన రంగు చీర చిరిగినా పోదని చుట్టుపక్కల ఒక పేరుండేది. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. అందులోనూ ఆయన ఆకుపచ్చ! చిలకపచ్చ కాదు, ముదురుపచ్చ కాదు, నాటు వేసిన ఇరవయ్యో రోజు వరిమడి పచ్చ. ఆ రంగు పాళ్లు కట్టుకున్న పెళ్లాం సత్తమ్మకు కూడా చెప్పలేదు, మహానుభావుడు.

రంగు కుదరాలంటే నీళ్లు మంచివి కావాలి. వాడ మధ్యలో రాతి ఒరతో, నాలుగు గిరకలతో పెద్ద బావి ఉండేది. తాగడానికీ అవే నీళ్లు, రంగుకూ అవే నీళ్లు. కైలాసం పెరట్లో కూడా ఒక చిన్న బావి ఉండేది. "రెండిటికి ఒకటే ఊట బిడ్డా" అని వాళ్ల బాపు చెబుతుండేవాడు. నిజమే. పెరటి బావిలో పొద్దంతా చేదితే సాయంత్రానికి వాడబావిలో ఒక రాతి వరస కొత్తగా బయటపడేది. ఇది కైలాసం చిన్నప్పటి నుంచీ కళ్లారా చూసిన ముచ్చట. చుట్టాలొస్తే పెరట్లోకి తీసుకుపోయి మరీ చెప్పేవాడు. డెబ్భై రెండు కరువులో పెరటి బావి ఎండిపోయింది, ఆ తర్వాత మళ్లీ ఊరలేదు. వాడబావి అడుగంటింది గానీ ఎండలేదు. ఆ ఏడు పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి ముంచుకుపోయారు.

కైలాసానికి, సత్తమ్మకు పెళ్లయిన పదేళ్లకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు బాలలక్ష్మి. పిల్లకు పదమూడేళ్లప్పుడు, ఒక వానాకాలం తెల్లవారుజామున తల్లితో ఊరి బయటికి పోయి, బురదలో జారిపడి, మోకాలు చిట్లించుకుని వచ్చింది. ఏడవలేదు. ఎవరో చూశారన్న సిగ్గుతో పొద్దంతా మూల కూర్చుంది. కైలాసం అది చూశాడు. మర్నాడే మేస్త్రీ గంగయ్యను పిలిచి, పెరట్లో పాయఖాన కట్టమన్నాడు.

గంగయ్య పెరడంతా తిరిగి చూసి, ఎండిన బావి దగ్గర ఆగాడు. "గుంత తవ్వుడెందుకే కైలాసం? పది గజాల బాయి ఉత్తగనే పడున్నది. దీని మీద బండ గప్పి గొట్టం దించుదాం. నీ మనుమలు ముసలోళ్లైనా నిండది."

ఆ మాట ఎంత ముద్దుగా వినిపించిందో! సాలెవాడలో అదే మొదటి పాయఖాన. వాడ ఆడవాళ్లంతా వరసగా వచ్చి చూసిపోయారు. "బిడ్డంటే గంత పావురమున్నది కైలాసానికి" అని ఆ ప్రేమకు మురిసిపోయారు. రెండిటికీ ఒకటే ఊట అని మాత్రం ఆ రోజు ఎవరూ అనలేదు. చెప్పి చెప్పి అరిగిపోయిన మాట, కావలసిన రోజున కైలాసానికే గుర్తు రాలేదు.

ఇంకొకటుంది. చెబుతుంటే నాకే ఒళ్లు మండుతుంది. ఏటా వానలకు ముందు దవాఖాన నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టర్ లింగమూర్తి సైకిల్ మీద వచ్చేవాడు. వెనకాల బ్లీచింగ్ పౌడర్ డబ్బా. బావిలో ఆ పొడి కలిపితే రోగాలు రావని చెప్పేవాడు. కైలాసం ఒర ముందు చేతులు చాపి నిలబడేవాడు.

"సారూ, నీకు పున్నెముంటది. గా పొడి వడ్డదంటే పది దినాల దాక నా కాగుల రంగు నిలవది. బట్టకు రంగు దించే మందు గది. మనుషులకు తాపుతరా?"

"మనుషుల కోసమే గదయ్యా కలిపేది."

"మా నీళ్లకేమైంది సారూ? అద్దంలెక్కున్నయ్!"

ఆడవాళ్లూ వంత పాడేవాళ్లు. ఆ వాసనకు నీళ్లు నోట్లో పెట్టుకోబుద్ధి కాదనేవాళ్లు. లింగమూర్తి పాపం ఒక్కడు, తిరగాల్సిన ఊళ్లు నలభై. చివరికి విసిగిపోయి డబ్బా కైలాసం చేతికే ఇచ్చి, "పండుగకు పని బందు పెడుతవు గద, అప్పుడన్న కలుపు" అని పోయేవాడు. కైలాసం బుద్ధిగా తలూపి డబ్బాను అటక మీద పెట్టేవాడు. పండుగలు వచ్చేవి, పోయేవి. అటక మీద ఐదు డబ్బాలు చేరాయి. వాడ నీళ్ల రుచి చెడకుండా కాపాడింది కైలాసమేనని అందరూ మెచ్చుకునేవాళ్లు కూడా.

ఎనభై మూడులో వానలు కుమ్మేశాయి. చెరువు నిండి మత్తడి దుంకింది. వాడబావిలో నీళ్లు చెయ్యి చాపితే అందేంత పైకొచ్చాయి. కరువు చూసిన వాడ కదా, మురిసిపోయింది. కైలాసం పెరట్లో బండ కింద చచ్చిన బావిలో కూడా ఊట లేచిందని ఎవరికి తెలుసు? బండ ఎత్తి చూసినవాళ్లెవరు?

ఆ చలికాలమే బాలలక్ష్మి ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఆమెను హుజూరాబాద్‌లో ఇచ్చారు. శ్రీమంతానికి కైలాసం తన చేత్తో నూలుకు ఆకుపచ్చ వేసి, పక్కింటి మగ్గం మీద చీర నేయించాడు. ఆ పచ్చ చీర, చేతుల నిండా పచ్చ గాజులు, నుదుటిన రూపాయంత బొట్టు. సత్తమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది.

"బాపూ, గీ రంగు నా బిడ్డ కట్టుకునేదాక ఉంటదా?" అని అడిగింది బాలలక్ష్మి.

"నీ బిడ్డ బిడ్డ గూడ కట్టుకుంటది. నా రంగు పోతదా?"

అత్తగారింట్లో నల్లా నీళ్లు సప్పగా ఉంటాయని ఆమెకు మొదటి నుంచీ ఫిర్యాదే. ఇక్కడికొచ్చాక బొక్కెనలోంచి చెంబు ముంచి, ఎత్తిన చెంబు దించకుండా తాగేది. కూతురు అలా తాగుతుంటే కైలాసం పని ఆపి చూసేవాడు.

నెల దాటిందో లేదో, మగ్గాల దగ్గర ఇద్దరికి కళ్లు పచ్చబడ్డాయి. వారంలో తొమ్మిది మందికి కామెర్లు. పక్కింటి కనకవ్వ పెనిమిటి మంచం పట్టాడు. నీళ్లలోనే ఏదో ఉందని వాడంతా గుసగుసలు. బావికి ఇరవై అడుగుల్లో రాయమల్లు బర్రెల కొట్టం, పక్కనే పేడకుప్ప. ఇంకేం కావాలి? అందరికంటే ముందు నోరు లేచింది కైలాసానిదే.

"రాయమల్లూ! నీ పెంట మా నోట్లెకు వస్తున్నది. నా బిడ్డ కడుపుతోటున్నది. రేపు పొద్దుగూకేవరకు కొట్టం లేపకపోతే నేనే కూలగొడుత!"

రాయమల్లు నోట్లో నాలుక లేని మనిషి. "కైలాసమన్నా, నా తాతల కాడికెల్లి గీడనే ఉన్నం. నా పోరగాండ్లు గూడ గవే నీళ్లు తాగుతున్నరు గదనే" అని చేతులు జోడించాడు. ఎవరు వింటారు? వాడ ఆయన దగ్గర పాలు పోయించుకోవడం మానేసింది. పితికిన పాలు పితికినట్టే మోరీలో పారబోసుకున్నాడు. బర్రెలను ఎక్కడికి తోలుకుపోవాలో తెలియక, కొట్టం గుంజ పట్టుకుని కూర్చున్నాడు.

ఆ వారమే బాలలక్ష్మికి అన్నం సయించలేదు. వాంతులు. ఒక ఉదయం సత్తమ్మ కూతురి కంటి కింద వేలితో లాగి చూసి, నోరు నొక్కుకుంది. పసుపు. లింగమూర్తి వచ్చి, నీళ్లు సీసాలో పట్టుకుని, "మసలకాచి తాగుండ్రి, లేకుంటే బడి కాడి బోరింగు నీళ్లు తెచ్చుకోండ్రి" అని ఇంటింటికీ చెప్పాడు. బోరింగు నీళ్లు ఉప్పన. కామెర్లేమో వేడి రోగమాయె, కాచిన నీళ్లు ఇంకా వేడి చేస్తాయని సత్తమ్మ భయం. అందుకని తెల్లవారగానే కైలాసమే స్వయంగా బావిలో చల్లటి నీళ్లు చేది తెచ్చి కూతురి తలాపున పెట్టేవాడు. తన చేత్తో. రోజూ.

మర్నాడు లింగమూర్తి మళ్లీ వచ్చాడు. "ఊకె రాయమల్లును అంటే తేలదు. నీళ్లల్ల కలుస్తున్న పెంట ఎక్కడికెల్లి వస్తుందో చూద్దాం. కైలాసం, రంగులు నీ పనే గద. రెండు రంగులు తే. పేడకుప్పల ఎర్రది పోద్దాం. బాయికి దగ్గర్ల ఉన్న ఇంకో గుంత నీ పాయఖాన. దాంట్ల వేరే రంగు పోద్దాం. ఏది బాయిల తేలుతే గదే దొంగ."

కైలాసం నవ్వాడు. "నాది గుంత కాదు సారూ, పది గజాల లోతు. బాయికి నలభై అడుగుల దూరం. మీరు పొయ్యమన్నరని పోస్త."

ఇంట్లో ఎర్రది కాక ఉన్నది ఇంకొక్క రంగే, శ్రీమంతం చీరకు వాడగా మిగిలిన ఆకుపచ్చ. పెద్ద కాగులో చిక్కగా కలిపి, వాడంతా చూస్తుండగా తన చేత్తోనే గొట్టంలో పోశాడు. పేడకుప్పలో ఎర్ర రంగు పోసినప్పుడు మాత్రం రాయమల్లు కళ్లు మూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే బాలలక్ష్మికి మగత కమ్మింది. జీపు మాట్లాడుకుని కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారు. "ఈ నెలల్ల కామెర్లు మంచివి కావు, ముందే తేవాల్సింది" అంది డాక్టరమ్మ. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. మూడో రోజు బాలలక్ష్మి కాస్త కళ్లు తెరిచింది. పెదవులు ఎండి పొక్కిపోయాయి.

"బాపూ, గీ నీళ్లు నోట్లె పెట్టబుద్ధైతలే. మన బాయి నీళ్లు తేవా?"

ఆ ఒక్క మాటకు కైలాసానికి ఏనుగంత బలం వచ్చింది. బిడ్డ అడిగింది, ఇక బతుకుతుంది! దవాఖాన ముందు దుకాణంలో కొత్త ప్లాస్టిక్ డబ్బా కొన్నాడు. సాయంత్రం బస్సుకు ఊరికొచ్చి, తెలతెలవారుతుండగానే డబ్బా పట్టుకుని వాడబావి దగ్గరికి పోయాడు. మొదటి బస్సుకు తిరిగి పోవాలి. ఇంకా ఎవరూ రాలేదు. బొక్కెన వేసి చేదాడు. పైకొచ్చిన నీళ్లలోకి వంగి చూశాడు.

ఆకుపచ్చ.

మొదట తన కళ్లకేదో అయిందనుకున్నాడు. బొక్కెన వెలుతురులోకి జరిపి, దోసిట్లోకి తీసుకుని చూశాడు. పలచగా, నిర్మలంగా, వరిమడి పచ్చ. లోకంలో ఇంకెవరికీ రాని పచ్చ. తన పచ్చ! బాలలక్ష్మి కట్టుకున్న చీర పచ్చ! కైలాసం ఒర మీద కూలబడ్డాడు. చచ్చిపోయిన బాపు చెవి పక్కనే నిలబడి చెప్పినట్టయింది, రెండిటికి ఒకటే ఊట బిడ్డా అని.

అప్పుడేం చేశాడో తెలుసా? ఇది కూడా ఆయనే చెప్పేవాడు, దాచకుండా. బొక్కెన మోరీలో కుమ్మరించాడు. మళ్లీ చేదాడు. పచ్చగానే ఉంది. మళ్లీ పారబోశాడు. ఇంకెవరూ చూడలేదు కదా, జర పలచబడితే చాలు, పేడకుప్ప ఎలాగూ ఉంది కదా అనుకున్నాడు. ఒకవైపు బిడ్డ చావుబతుకుల్లో ఉంటే మనిషి బుద్ధి ఎక్కడికి పోయిందో చూడండి! ఇరవై బొక్కెనలు తోడాడు. అరచేతులు చిట్లాయి. ఇరవయ్యోది కూడా పచ్చగానే వచ్చింది.

ఇంతలో కనకవ్వ బిందెతో వచ్చింది. పెనిమిటికి మందు నూరాలని తొందరలో ఉంది. పక్క గిరక మీద చేద వేసి దించబోయింది. కైలాసం ఒక్క ఉదుటున లేచి ఆమె తాడు పట్టుకున్నాడు.

"ముట్టకు కనకవ్వా! తాగకుండ్రి! ఎవ్వలు తాగకుండ్రి! నా పాయఖాన నీళ్లివి! ఇన్ని దినాలు మీకు నా ఇంటి పెంట తాపిన!"

ఆ కేకకు వాడంతా లేచి వచ్చింది. బొక్కెన చుట్టూ నిలబడి చూశారు. ఒకామె అక్కడికక్కడే వాంతి చేసుకుంది. కైలాసం ఇంట్లోకి పరుగెత్తి, అటక మీది ఐదు డబ్బాలూ తెచ్చి ఒర మీద వరసగా పెట్టాడు. తుప్పు పట్టిన డబ్బాలు, మూత విప్పనివి. "రోగం రాకుంట పొయ్యమని సారు ఇచ్చిండు. నా రంగు చెడుతదని దాచిన" అన్నాడు. కనకవ్వ చేతిలోని ఖాళీ బిందె అలాగే జారి బండ మీద పడింది.

రాయమల్లు ముందుకొచ్చాడు. కొడతాడనుకుని కైలాసం తల వంచాడు. కొడితే బాగుండుననుకున్నాడు కూడా. రాయమల్లు కాసేపు ఆ నీళ్లవైపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, బాలలక్ష్మికి ఎట్లున్నది?"

తనను వాడలోంచి వెళ్లగొట్టబోయిన మనిషిని అడిగిన మాట అది. కైలాసం భోరుమన్నాడు. రాయమల్లే ఆయన్ను లేపి, ఖాళీ డబ్బా చేతిలో పెట్టి, బస్సు దాకా తోడుపోయాడు. ఆ పొద్దే లింగమూర్తి వచ్చి బావిలో పొడి కలిపి, గిరకలు విప్పించి, పెరట్లో బండ ఎత్తించాడు. కింద నీళ్లు తళతళా కదులుతూ, వాడబావితో సమానంగా నిలిచి ఉన్నాయట.

దవాఖానలో బాలలక్ష్మి మెలకువగానే ఉంది. తండ్రిని చూసి ముఖం విప్పారింది. లేవలేక చెయ్యి మాత్రం చాపింది.

"తెచ్చినవా బాపూ?"

కైలాసం డబ్బా వెనక్కి దాచుకున్నాడు. వాడ వాడనంతా పిలిచి చెప్పిన మనిషికి, అక్కడ నోరు పెగల్లేదు. ఆమెకు నిజం చెప్పడమంటే, నువ్వు దించకుండా తాగిన చెంబు నిండా ఏముందో చెప్పడమే. నీ సిగ్గు కాపాడటానికి కట్టిందే నిన్ను చంపుతోందని చెప్పడమే.

"బాయి ఎండింది బిడ్డా" అన్నాడు.

బాలలక్ష్మి నమ్మలేనట్టు చూసింది. "మన బాయి ఎండుడేంది బాపూ? కరువులనే ఎండలేదంటివి గద."

అంతే. మధ్యాహ్నానికి మగత మళ్లీ కమ్మింది. ఈసారి తేరుకోలేదు. తెల్లవారేసరికి కడుపులోని బిడ్డతో సహా పోయింది. కనకవ్వ పెనిమిటి, మిగతా ఎనిమిది మంది మెల్లగా కోలుకున్నారు. సత్తమ్మ ఆ పచ్చ చీర కట్టించే కూతుర్ని సాగనంపింది. ఆ తర్వాత కైలాసం కాగులు పొయ్యి ఎక్కలేదు.

ఊళ్లు తిరిగే రోజుల్లో జనం కథంతా విని, ఏడ్చి, తమ గుంతలు చూపించేవాళ్లు. ఆ ఖాళీ డబ్బా ఎందుకు మోస్తావు తాతా అని ఒక ఊళ్లో ఒకామె అడిగింది. కైలాసం డబ్బాను ఒళ్లోకి తీసుకున్నాడు.

"గిన్ని ఊళ్లల్ల, గింతమందికి నిజం చెప్పిన బిడ్డా" అన్నాడు. "నీళ్లడిగిన దానికి మాత్రం చెప్పలే."